పులుసు మీద నూటికి డెబ్బై

డెబ్బైల చివర్లో, హార్బరు పక్కనున్న ఒక రిపేరు వర్క్‌షాపులో గుమస్తాగా చేరాను. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. ఆ సంగతి ఎదుటివాళ్ళు అడక్కపోయినా చెప్పేవాణ్ణి. గాజువాకలో సిటీ బస్సు ఎక్కి ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళేటప్పుడు కూడా చంకలో స్కేలు, జేబులో ఎర్ర పెన్సిలు ఉండేవి. దేన్ని చూసినా గళ్ళు గీసి శాతాలు కట్టకపోతే నాకు అన్నం సయించేది కాదు. మా మేనేజరుగారూ తక్కువవారు కాదు, కాగితం మీద శాతం గుర్తు కనబడితే చాలు, చదవకుండానే సంతకం పెట్టేవారు.

మా క్యాంటీన్ తలుపు పక్కన ఫిర్యాదుల పుస్తకం పురికొసతో వేలాడుతుండేది. దాని పక్కనే ఇంకో పురికొసకు పెన్సిలు ముక్క. క్యాంటీన్ మీద ఒక రిపోర్టు ఇమ్మని మేనేజరుగారు అనగానే ఆ పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. కార్మికులు ఏం రాశారో చదవలేదు. వంటకం పేరు కనబడితే దాని గడిలో ఒక గీత, అంతే. మొత్తం ఫిర్యాదుల్లో చేపల పులుసు మీద నూటికి డెబ్బై తేలాయి. ఆనపకాయ కూర మీద నూటికి మూడే. పట్టిక కింద, కార్మికులకు చేపల పులుసు నచ్చడం లేదనీ, ఆనపకాయ కూర బాగా నచ్చుతోందనీ రాసి, ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు కొట్టాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అవీ శాతాల్లో.

ఆ పులుసు వండే ఆవిడ భీమిలి దగ్గర పల్లె మనిషి. అక్కను పిలిచినట్టు అందరం అప్పా అని పిలిచేవాళ్ళం. భర్త పోయాక కంచాలు తోమే పనిలో చేరి, పదేళ్ళు తొట్టి దగ్గర కూర్చుని, ఆ తర్వాత గరిటె పట్టింది. నా పట్టిక అందిన వారానికి చేపల పులుసు ఆపేశారు, ఆవిడను మళ్ళీ తొట్టి దగ్గరికి పంపారు. పంపుతూ చూపించిన కాగితం నాదే. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని వెళ్ళి బూడిద డబ్బా ముందు కూర్చుంది.

నెల తిరిగేసరికి ఫిర్యాదులు నూటికి తొంభై తగ్గాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కొత్త పట్టిక చేత్తో పట్టుకుని మేనేజరుగారి గదికి వెళుతుంటే దారిలో తొట్టి దగ్గర ఆవిడ ఎదురైంది.

"ఏటి బాబూ, మళ్ళీ గళ్ళ కాయితమా?"

"ఫిర్యాదులు నూటికి తొంభై తగ్గిపోయాయప్పా," అన్నాను. ఆ మాట ఎవరితో అంటున్నానో అన్నాక గుర్తొచ్చింది.

"మరి తినీవోలు ఎంతమంది తగ్గినారో రాసినావా?"

నా దగ్గర ఆ గడి లేదు.

"తోమతన్నాను కాబట్టి నాకు తెలుసు," అంది పీచుతో కంచం రుద్దుతూనే. "ముందర ఒక్కో కంచం రెండేసి మాట్లు కడిగీవోరు. ఇప్పుడు సగం కంచాలకి నీళ్ళే తగల్నేదు. అందరూ కేరేజీలు తెచ్చుకుంటన్నారు. తిననోడు వంకేటి పెడతాడు? కాయలున్న సెట్టుకే రాళ్ళ దెబ్బలు బాబూ. ఆ ఆనపకాయ కూరకి రాయెవుడు ఇసురుతాడు?"

శాతం చెప్పేముందు అది దేనిలో శాతమో చెప్పాలన్నది మాకు కాలేజీలో మొదటి పాఠం. పరీక్షలో చక్కగా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పాఠం ఆవిడ కంచాల మీద చెప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి. ఆనపకాయ కూర ఉన్న రోజు దాన్ని వేయించుకునేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని నాకూ తెలుసు, ఎందుకంటే నేనూ వేయించుకునేవాణ్ణి కాదు.

వెనక్కి వెళ్ళి పుస్తకం తెరిచి, ఈసారి చదివాను. పులుసు మీద రాసినవన్నీ ఇలాంటివే: ముక్క చిన్నది. నా వంతుకి తోకే వచ్చింది. రెండోసారి అడిగితే గుండిగ బోర్లించి చూపించారు. వారానికి రెండు రోజులేనా? ఒకచోట, పులుసు ఇంకొంచెం పొయ్యవలెను అని ఉంది. ఆ దస్తూరీ నాదే.

పులుసు మళ్ళీ పెట్టించమని ఒక కాగితం రాసి, సిగ్గు చంపుకుని మేనేజరుగారి ముందు నిలబడ్డాను.

"అయితే ముందు ఇచ్చిన లెక్క తప్పా?" అన్నారాయన.

"లెక్క తప్పు కాదండి. దానికి నేను చెప్పిన అర్థం తప్పు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, శాతం లేని కాగితం మీద మొదటిసారి సంతకం పెట్టారు. సోమవారం నుంచి ఆవిడ మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. కానాగంత చేపల పులుసు వాసన గేటు దాకా కొట్టింది. కేరేజీలు తెచ్చుకున్నవాళ్ళు వాటి మూతలు తియ్యలేదు.

భోజనాల హడావిడి అయ్యాక ఆవిడ నన్ను పిలిచి తలుపు పక్కన వేలాడే పుస్తకం చూపించింది. "నాకు సదువు రాదు బాబూ. ఇన్నేళ్ళూ దాని పక్కనించి ఎల్లినప్పుడల్లా గుండె దడదడలాడీది, నన్ను ఎన్నెన్ని తిట్టినారో అని. ఓపాలి సదివి ఇనిపించు."

ఆవిడ గుమ్మంలో కూర్చుంది. నేను నిలబడి ఒక్కొక్కటే చదివాను. తోక దగ్గర నవ్వింది. గుండిగ బోర్లించిన దగ్గర, అది రాసినవాడు ఎవడో తనకు తెలుసంది. నా ఫిర్యాదు కూడా చదివాను, అది నాదేనని ఒప్పుకున్నాను. అన్నీ అయ్యాక అడిగింది.

"మరి నన్ను తిట్టినోడు ఒక్కడూ నేడా?"

"ఉన్నాడప్పా. వాడు పుస్తకంలో రాయలేదు, పట్టికలో రాశాడు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, నా కోసం దాచిన కంచం తెచ్చి ముందు పెట్టింది. పులుసు నిండా ఉంది, ముక్క మాత్రం తోక. "రాసుకో," అంది పుస్తకం వైపు చూపిస్తూ.

నేను రాయలేదు.