అత్త గొంతుకు తాళం వేయలేదు

ఆ పేజీ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది, తెరిచిన ప్రతిసారీ మొదటి వరుస దగ్గరే మూసేస్తాను. అది నేను రాసిన పేజీయే. తమిళనాట విరుదునగర్‌లో నా గదిలో నడిపిన చిన్న సర్వర్‌కు నియమాల పట్టీ. మొదటి నియమం: "ఇక్కడ ఎవరి నోరూ మూయించం." అది రాసిన రోజు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా వాళ్లు తెలుగు మాట్లాడతారు, చదవరు. బడి తమిళం, ఇల్లు తెలుగు. అందుకే ఊరికే దొరికే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చి, రాయకుండా గొంతు రికార్డు చేసి పెట్టుకునే ఏర్పాటు చేశాను. దాని వెనక కంపెనీ లేదు, ప్రకటనలు లేవు. ఎవరి సర్వర్ వాళ్లది. ఒకచోట పెట్టిన మాట నకలుగా మిగతా సర్వర్లకూ వెళ్తుంది. మనవాళ్లకు మాత్రమే వినబడేలా తాళం వేసే వీలుంది. నేను వేయలేదు. మా మాట లోకమంతా వినాలని నా గొప్ప.

కోవిల్‌పట్టిలో మా మేనత్త ఫోన్‌లో దాన్ని పెట్టిచ్చింది నేనే. "మనవాళ్లే ఉంటారత్తా" అని కూడా చెప్పాను. ఆమెకు మా అందరికీ ఉన్న అలవాటే ఉంది. బస్సులోగానీ ఆసుపత్రి వరుసలోగానీ చుట్టూ తమిళులుంటే, గుట్టు మాటలన్నీ తెలుగులో గట్టిగానే మాట్లాడేస్తాం. ఎవరికీ అర్థం కాదని ధీమా. అదే ధీమాతో ఒకరోజు అందులో గొంతు రికార్డు చేసి, పల్లెలో ఉన్న తన అక్కకు చెప్పుకుంది.

"అక్కా, దగ్గితే చీర తడుస్తా ఉండాది. తుమ్మినా అంతే. నలుగురిలో కూసోను బయంగా ఉండాది. మడత గుడ్డ పెట్టుకోని పోతా ఉండా. ఎవురికీ చెప్పొద్దు."

ఆంధ్రా వైపు ఎవడో ఆ ముక్క పట్టుకున్నాడు. వెనక కుళాయి చప్పుడు కలిపి జనం నవ్వుకోవడానికి వదిలాడు. కింద ఒకటే ఇకిలింపులు. చదువుకున్న పెద్దమనిషి ఒకాయన "ఎంత పాత తెలుగు, ఎంత వినసొంపు!" అని మెచ్చుకున్నాడు. వెక్కిరింత కంటే ఆ మెప్పే నాకు ఎక్కువ రోత పుట్టించింది. ఒక ఆడమనిషి సిగ్గుతో చితికిపోతుంటే ఈయనకు యాస కావాలి.

నా సర్వర్‌లో వెంటనే తీసేశాను. తీసేయమని మిగతావాళ్లకు కబురు వెళ్తుంది. వినడం వినకపోవడం వాళ్లిష్టం. చాలామంది విన్నారు. ఆ నవ్వులాట ముక్క ఉన్న సర్వర్ నడిపేవాడు వినలేదు. కాళ్లావేళ్లా పడి రాశాను. ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. బహిరంగంగా పెట్టిన మాట అందరిదేనట, దాన్ని తీయడమంటే వాక్ స్వాతంత్ర్యాన్ని నొక్కడమేనట. కింద నా మొదటి నియమాన్నే అతికించాడు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. వాడి వాదం నాదే.

తిరిగి తిరిగి ఆ ముక్క కోవిల్‌పట్టి చేరింది. ఒక పెళ్లిలో అత్త కూర్చోబోయే కుర్చీ మీద ఎవరో పేపరు పరిచారు. పరాయివాళ్లు కాదు, మా వాళ్లే. వెనక వరుసలో కిసుక్కుమన్నారు. ఆమె భోజనం చేయకుండానే ఇంటికి వెళ్లిపోయిందట.

మర్నాడు నేను వెళ్తే వాకిట్లోనే అడిగింది.

"ఏమిరా, దాన్ని తీసేస్తివా?"

"నా దాంట్లో తీసేస్తి అత్తా. వాడి దాంట్లోది నా చేత కాలేదు."

"నీ రూములో ఉండే ఆ పెట్టి నీదే కదా?"

నాదేనన్నాను. ఒక్కొక్క సర్వర్‌కు ఒక్కొక్క యజమాని ఉంటాడనీ, ఎవరి మీదా ఎవరికీ పెత్తనం లేకపోవడమే ఇందులోని గొప్పతనమనీ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ముఖం చూశాక నా మాటల మీద నాకే అసహ్యం వేసి మధ్యలో ఆపేశాను.

"మనవాళ్లే ఉంటారని చెప్పితివే" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది.

సర్వర్ ఆపేశాను. ఆ ముక్క మాత్రం వాడి సర్వర్‌లో ఇంకా ఉంది, నిన్న కూడా చూశాను.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. పుట్టినప్పటి నుంచీ నన్ను "ఏమిరా" అని తప్ప పలకరించి ఎరగని అత్త తలుపు తీసి, "వాంగ, ఉక్కారుంగ" అంది. రండి, కూర్చోండి అని తమిళంలో, పరాయివాళ్లతో అన్నట్టు. నేను తెలుగులోనే మాట్లాడుతూ పోయాను. ఆమె ఒక్కదానికీ తెలుగులో బదులివ్వలేదు.