అందింది, ధన్యవాదాలు

మా బావకి ఒక్కటే జబ్బు. ఇచ్చిన వస్తువు మన చేతిలో కళ్ళెదుట కనిపిస్తున్నా సరే, "అందిందా?" అని అడగందే ఆయనకి ఆ పూట గడవదు.

భోజనాల దగ్గర ఉప్పుగిన్నె నావైపు జరుపుతాడు. నేను ఉప్పు తీసుకుని, కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నాక, "ఉప్పు అందిందా?" అంటాడు. గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చి, దాన్ని అల్మారాలో సర్దుతున్న ఆవిడనే పట్టుకుని, "పుస్తకం అందిందాండీ?" అన్నాడు. ఒకసారి ఇంజెక్షన్ చేయించుకుని చొక్కా చెయ్యి దించుకుంటూ, "డాక్టరుగారూ, మందు లోపలికి అందిందంటారా?" అని అడిగాడు. డాక్టరు సూది వంకా బావ వంకా మార్చి మార్చి చూసి, "నా దగ్గరైతే లేదండీ" అన్నాడట.

ఫ్యాక్సులున్న రోజుల్లో కాగితం పంపి, ఫోన్ చేసి, అదీ చాలక సైకిలెక్కి వెళ్ళి, అవతలి యంత్రంలోంచి తన కాగితం బయటికొచ్చిందో లేదో కళ్ళారా చూసొచ్చేవాడు.

"అంత దూరం తొక్కేబదులు ఆ కాగితమేదో చేతికే ఇచ్చి రావచ్చుగా?" అంది మా అక్క.

"చేతికిస్తే? అందిందని నమ్మకమేంటి?" అన్నాడు బావ.

ఈ మనిషికి చక్రాల కుర్చీలూ ఊతకర్రలూ బాగుచేసే కొట్టుంది. నాకు వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగం ఉండేది. ఆ కంపెనీ మూతపడ్డాక నలభై ఎనిమిదో ఏట ఇంట్లో కూర్చుని గడ్డం పెంచడం మొదలుపెట్టాను. గడ్డం బాగానే పెరిగింది. మిగతావేవీ పెరగలేదు. అలాంటి రోజుల్లో బావ వచ్చి, "ఏమోయ్ బావమరిదీ, మా కొట్టుకో వెబ్‌సైటు కట్టిపెట్టు" అన్నాడు.

"నీకెందుకు బావా? నీకు మెయిలు చూడ్డమే రాదు."

"నువ్వు చూడు. చూసి నాకు ఫోన్లో చెప్పు."

అదీ ఒప్పందం. కుర్చీ పాడైనవాళ్ళు ఆ పేజీలో తమ పేరూ, చిరునామా, ఫోన్ నంబరూ, మెయిలూ రాసి, వచ్చిన తంటా ఏమిటో చెప్పి 'పంపు' నొక్కితే మెయిలు నాకొస్తుంది. నేను బావకి చెబుతాను. బావ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికెళ్తాడు. పంపు నొక్కగానే తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో "మీ మాట మాకు అందింది. ధన్యవాదాలు!" అని వచ్చేలా చేశాను. అది చూసి బావ పొంగిపోయాడు.

"అడక్కుండానే అందిందని చెప్పే మనిషిని ఇన్నాళ్ళకి చూశానోయ్!"

"మనిషి కాదు బావా, పేజీ."

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే ఆ పేజీలో తనే ఏదో రాసి, పంపు నొక్కి, నాకు ఫోన్ చేసేవాడు. "అందిందా?"

మొదటిరోజు నేను నిజంగానే చూడబోయాను. కంప్యూటరు మెల్లగా లేస్తోంది, టీ గబగబా చల్లారుతోంది. ఆకుపచ్చ అక్షరాలొచ్చాయని ఆయనే చెబుతున్నాడాయె. "అందింది బావా" అన్నాను. రెండోరోజు కంప్యూటరు దాకా వెళ్ళలేదు. మూడోరోజు నుంచి దుప్పట్లోంచే అందుకోవడం మొదలుపెట్టాను. ఆ మెయిలు పెట్టె తెరవనేలేదు. తెరిస్తే బావ పరీక్షలు తప్ప ఏముంటాయని నా ధీమా.

"బయటివాళ్ళవేమైనా వచ్చాయా?" అని అడిగేవాడు బావ.

"లేదు బావా. ఈమధ్య కుర్చీలు గట్టిగా చేస్తున్నట్టున్నారు."

ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఒకరోజు ఫోన్లో మామూలు ప్రశ్నకి తోక తగిలించాడు.

"అందిందా?"

"అందింది బావా."

"మరేమంటావ్?"

"బాగుంది. అలాగే కానియ్యి."

"రెండూనా?"

"ఆ, రెండూ."

ఆ వారం అక్క పుట్టినరోజుకి వాళ్ళింటికి ఒక గోడగడియారమూ, ఒక కుట్టుమిషనూ వచ్చాయి. "ఒరేయ్, ఇంట్లో మూడు గడియారాలున్నాయి. సూదిలో దారమెక్కించడం నాకు రాదు. మీ బావకి ఈ సలహా ఇచ్చిన మహానుభావుడెవర్రా?" అంది అక్క. నాకేం తెలుసన్నాను. నిజంగానే నాకు తెలీదు.

ఏడోవారంలో ఒకరోజు నేను బావ కొట్లో ఉన్నాను. గుమ్మం దగ్గర గరగరమని చప్పుడైంది. ఒక టీచరమ్మ, వాళ్ళ నాన్నగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ముందు చక్రం లేని మూలని ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో తోసుకుంటూ లోపలికొచ్చింది. మూడు వీధులు అలాగే వచ్చిందట. చెమటతో ముఖం కందిపోయి ఉంది.

"మూడువారాల్లో మూడుసార్లు రాశానండీ. మూడుసార్లూ అందింది, ధన్యవాదాలు అంది మీ పేజీ. ధన్యవాదాలతో చక్రం తిరుగుతుందా?"

కుర్చీలోంచి పెద్దాయన అందుకున్నాడు. "ధన్యవాదానికో చక్రం ఇచ్చినా ఈపాటికి మూడయ్యేవి! గ్రంథాలయం అరుగు మీద నాకు చదరంగం ఆట సగంలో ఉంది బాబూ. మూడువారాలుగా నా ఏనుగు ఒకే గడిలో నిలబడి ఉంది. అవతలివాడు నేను పోయాననుకుని కొత్త జోడీని వెతుక్కుంటున్నాడట!"

బావ నా వంక చూశాడు. నేను నేల మీద పడున్న మరలు లెక్కపెడుతున్నాను.

"అందాయమ్మా," అన్నాడు బావ నెమ్మదిగా. "మూడూ అందాయి. నేనే మతిమరుపు మనిషిని, పక్కన పెట్టి మర్చిపోయాను. తప్పు నాది."

నాకు తెలిసి, అందనిదాన్ని అందిందని మా బావ చెప్పడం అదే మొదటిసారి. అదీ నా కోసం. మరల లెక్క తప్పితే మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాను.

పావుగంటలో కొత్త చక్రం బిగించి, లేచి, "చక్రం అందిందాండీ?" అన్నాడు బావ.

పెద్దాయన కొట్టంతా ఒక చుట్టు తిరిగొచ్చి, "చక్రం అందింది. ధన్యవాదాలు మాత్రం మీరే ఉంచుకోండి, నా దగ్గర ఇప్పటికే మూడున్నాయి" అని సెలవు తీసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక కొట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. బావ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. పేజీలో ఒక మాట రాసి పంపు నొక్కాను. ఆకుపచ్చ అక్షరాలు ఠంచనుగా వచ్చాయి. మెయిలు పెట్టె తెరిచాను. ఖాళీ. చెత్త మెయిళ్ళ పెట్టె చూశాను. అదీ ఖాళీ. నా చిరునామాలో అక్షరం తప్పిందేమోనని చూశాను. లేదు. చివరికి అసలు సంగతి బయటపడింది. వెబ్‌సైటు నుంచి వెళ్ళే మెయిలు వెబ్‌సైటు పేరుతోనే వెళ్ళాలి. నేను అతితెలివికి పోయి, రాసినవాళ్ళ మెయిలు చిరునామానే పంపినవాళ్ళ గడిలో పెట్టాను. మెయిళ్ళకి కాపలా కాసేవాడు, "టీచరమ్మనంటున్నావు, టీచరమ్మ ఇంటినుంచి రావడం లేదే? దొంగవి!" అని ప్రతిదాన్నీ గుమ్మంలోంచే గెంటేశాడు.

"సరే, వాడు గెంటేశాడు. మరి ఈ పేజీ అందిందని ఎందుకంది?" అన్నాడు బావ.

"వెళ్ళిందో లేదో చూడకుండానే అందిందని చెప్పమని... నేనే రాసిపెట్టాను బావా."

బావ తెర వంక జాలిగా చూశాడు. "దీన్నేం అంటాంలే. పెంపకం."

పేజీ కట్టినప్పుడే, ఎందుకైనా మంచిదని వచ్చిన ప్రతి మాటకీ ఒక నకలు సర్వరులో దాచేలా చేసి, ఆ సంగతీ మర్చిపోయాను. తెరిచి చూస్తే బయటివాళ్ళు ఎనిమిది మంది రాసినవి ఉన్నాయి. బావవి నలభై ఒకటి.

"నావి చదవక్కర్లేదోయ్, పాతబడిపోయాయి" అంటూ బావ తెరకి చెయ్యి అడ్డం పెట్టాడు. నేను వేళ్ళ సందుల్లోంచి చదివాను.

"పరీక్ష. ఇట్లు మీ బావ. అందిందా?" ఇది మొదటిది.

"మీ అక్కకి గడియారం కొననా, కుట్టుమిషను కొననా? ఫోన్లో చెప్పు." ఇది ఐదోది.

"రెండూ అన్నావు. నువ్వు ఇవి చదవడం లేదని తెలిసిపోయింది. పర్లేదు. బయటివాళ్ళవి చదువుతున్నావుగా, అది చాలు."

ఆ తర్వాతవి మరీ పొట్టివి. "ఇవాళ నీ గొంతు నిన్నటికంటే నయం." "ఇవాళ మూడో రింగుకే ఎత్తావు. మీ అక్కకి చెప్పాను, సంతోషించింది." "ఇవాళ నవ్వావు. ఎందుకో తెలీదు. రాసిపెడుతున్నా."

బావ చెయ్యి తీసేసి, స్టూలు కింద ఏదో మర పడినట్టు వంగి వెతకడం మొదలుపెట్టాడు.

"చదవడం లేదని తెలిసీ రోజూ ఎందుకు ఫోన్ చేశావు బావా?"

"నువ్వు లేచావో లేదో తెలియాలిగా?" అన్నాడు స్టూలు కిందనుంచే. "లేచావా అని అడిగితే కసురుకుంటావు. అందిందా అంటే కసురుకోవు, అబద్ధమాడతావు. అదే నయం కదా!"

మర్నాడు గడ్డం గీసుకుని, బావ వెంట ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళాను. మొదటిది టీచరమ్మ ఇల్లే. "నిన్న తప్పు మా బావది కాదండీ, నాది" అన్నాను.

"తెలుసండీ," అందావిడ. "తప్పు చేసినవాళ్ళే అంత శ్రద్ధగా మరలు లెక్కపెడతారు. మా క్లాసులో రోజూ చూస్తుంటాను."

ఇప్పుడు మెయిళ్ళు వస్తున్నాయి. పేజీలో మాట కూడా మార్చాను. "మీ మాట పంపాం. మేం ఫోన్ చేసి చెప్పేదాకా అందిందని నమ్మకండి" అని. ఈ వాక్యం బావకి ఎంత నచ్చిందంటే, కాగితం మీద రాయించుకుని కొట్లో గోడకి అంటించుకున్నాడు.

మొన్న ఒక పొద్దున ఆయన దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. ఫోన్ పనిచేస్తోందా లేదా అని రెండుసార్లు ఎత్తి చూశాను. ఇక ఉండబట్టలేక నేనే ఆ పేజీ తెరిచి, "బావా, లేచాను" అని రాసి, పంపు నొక్కి, ఫోన్ చేశాను.

"బావా, అందిందా?"

"నాకెలా అందుతుందోయ్? ఊతకర్రల పనిలో మునిగిపోయి ఉన్నా. అయినా అక్కడ రాస్తే అది నీకే కదా వచ్చేది!"

"అవును. వచ్చింది. చూశాను కూడా. 'బావా, లేచాను' అని ఉంది."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. బావ గొంతు సవరించుకుని, అచ్చం ఆకుపచ్చ అక్షరాల్లో అన్నట్టే అన్నాడు:

"మీ మాట మాకు అందింది. ధన్యవాదాలు!"