హార్మోనియం ఆగిన పద్యం

ఆ ఉదయం ఎదురింటి వాళ్లు ఆరేసిన దుప్పటి మీద వాన చుక్కలు పడడం మొదలైంది. చెబుదామని కిటికీ దాకా వెళ్లాను. గట్టిగా పిలవడానికి నోరు రాక అక్కడే నిలబడ్డాను. అప్పుడు ఫోన్ మోగింది. మా సంగీతం సారు భార్య. పాఠానికి వెళ్లే వాళ్లందరం ఆమెను అమ్మ అంటాం.

"మీ సారు పొయిండు బిడ్డా," అంది. "పొద్దుగాల లేపితే లేవలే."

సారు ఇంటికి వెళ్లి అప్పటికి మూడు నెలలయింది. కోపంతో మానేశాను.

సారుది దేవరకొండ. చుట్టుపక్కల ఊళ్లలో భజనలకూ పౌరాణిక నాటకాలకూ నలభై ఏళ్లు హార్మోనియం వాయించారు. కార్యక్రమాలు లేని రోజుల్లో ఇంట్లో పాఠం చెప్పేవారు. నేను డిగ్రీలో ఉండగా చేరాను. ఒంటరిగా ఉంటే పాడగలను. ఎవరైనా వింటున్నారంటే గొంతు మూసుకుపోతుంది. అది పోతుందని వెళ్లాను.

పాఠం చెప్పే గది వీధి వైపు ఉండేది. తలుపు బార్లా తీసి, నన్ను గడపకు ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన నా వెనక కూర్చునేవారు.

"నన్ను సూడకు. నేను వినవస్తే సాలు. జనాన్ని సూడు," అనేవారు.

జనమంటే దారిన పోయేవాళ్లు. ఒకరోజు నేను మధ్యలో ఆగిపోతే, మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కూడా గడప ముందు ఆగాడు.

"ఏం సారూ, పాట బందైంది? నా మేకలు ఇనవట్టె."

"మేకలు లోపల్కి రాకుంట సూడే అన్నా. పాట సంగతి నేను సూస్కుంట," అన్నారు సారు, వేళ్లు హార్మోనియం మెట్ల మీద నుంచి తీయకుండానే. ఆయన వేళ్లు ఆగలేదు గనుక నేను మళ్లీ అందుకోవాల్సి వచ్చింది.

నేను కాన్వెంటులో చదివాను. తప్పు చేసిన మరుక్షణం సారీ చెప్పాలని అక్కడ నేర్పారు. మొదటి రోజు స్వరం తప్పగానే ఆగి, "సారీ సార్," అన్నాను.

"స, రి అయినయి. గ ఏది బిడ్డా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన స, రి వాయించి, నా కోసం గ దగ్గర వేలు పెట్టి కూర్చున్నారు. గ పలికేదాకా వేలు తీయలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు సారీ అన్నా అంతే, గ పాడి ముందుకు పోవాల్సిందే.

మొదటి నుంచి మళ్లీ పాడమనడం ఆయన దగ్గర లేదు. నాటకంలో నటుడు పద్యం మరిచిపోతే, హార్మోనియం వాయించేవాడే రాగాన్ని సాగదీసి అతనికి చోటు చూపించాలి. ఆయన బతుకంతా చేసింది ఆ పనే. మాకు పాఠమూ అలాగే చెప్పారు. తప్పు గురించి పాఠం అయిపోయాక, మంచినీళ్లు తాగుతూ చెప్పేవారు. రోజుకు ఒక్కటే తప్పు. మిగిలినవి ఆయన మరిచిపోయారనుకునేదాన్ని. మర్నాడు వాటిలోంచి ఇంకొకటి చెప్పేవారు.

ఈ ఏడు శ్రీరామనవమికి హాలియాలో పందిరి కింద నా చేత పద్యం పాడించారు. మిట్టమధ్యాహ్నం ఎండ, కల్యాణం చూడ్డానికి వచ్చిన జనం. పద్యానికి తాళం ఉండదు, హార్మోనియమే తోడు. మూడో పాదం ఎత్తుకున్నాను. హార్మోనియం ఆగిపోయింది.

వెనక్కి తిరిగాను. సారు కుడిచేతి వేళ్లు మెట్ల మీదే ఉన్నాయి. గాలి కొట్టే ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. నా వైపే చూస్తున్నారు. "పో," అన్నట్టు పెదవులు కదిలాయి.

"మైకు పొయినట్టుంది," అన్నారెవరో. ముందు వరుసలో ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. మళ్లీ జనం వైపు తిరిగాను. మూడో పాదం పాడాను. నాలుగోదీ పాడాను. నా గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు.

పందిరి బయటికి రాగానే అడిగాను. "ఎందుకాపిన్రు సార్?"

"కావాలనే ఆపిన. నీ గొంతును నువ్వెప్పుడు నమ్ముతవ్ మరి?"

అంతమంది ముందు నన్ను పరీక్షకు పెట్టారని నాకు ఏడుపొచ్చింది. ఆ మర్నాటి నుంచి పాఠానికి వెళ్లలేదు. అమ్మ ఒకసారి ఫోన్ చేసి, "సారు అడుగుతుండు, రావా?" అంది. పరీక్షలున్నాయన్నాను. పరీక్షలు లేవు.

ఆయన పోయిన రోజు అమ్మ పక్కన కూర్చున్నాను. వచ్చిపోయేవాళ్లు తగ్గాక ఆమె మెల్లగా చెప్పింది.

"హాలియాల్నే మొదలైంది బిడ్డా. ఎడమచెయ్యి లేవలేదట. దవాఖానల సూపిస్తే పక్షవాతం అన్నరు. మందులు మింగిండు గని చెయ్యి మళ్ల రాలే."

"నాకెందుకు చెప్పలే అమ్మా?"

"చెప్పొద్దన్నడు. 'పిల్ల ఒక్కతే పాడింది. నా చెయ్యి వడ్డదని తెలిస్తే తను పాడింది మర్సిపోయి నన్ను యాదికుంచుకుంటది' అన్నడు. నువ్వు రాకపాయె. తలుపు తీసి కూసునేటోడు."

నేర్పినవాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇలాంటివి రాస్తారు. ఆయన వల్ల నేను జనం ముందు పాడగలిగాను, అది నిజం. ఆ రోజు వెనక్కి తిరిగి చూసినప్పుడు నాకు కనబడింది పాఠం ఒక్కటే. ఆయన చెయ్యి ఒళ్లో ఎలా పడి ఉందో కూడా చూశాను. చూసి కూడా, నన్ను పరీక్షిస్తున్నారనే అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. హాలియాలో బస్సు ఎక్కేటప్పుడు సారు హార్మోనియం నా చేతికిచ్చారు. అంతకుముందు దాన్ని ఎవరినీ మోయనిచ్చేవారు కాదు. దేవరకొండ దాకా అది నా ఒళ్లోనే ఉంది. ఎందుకిచ్చారని నేను అడగలేదు.