గొడుగామె పదకొండు మాటలు

మా ఆటలో గొడుగు కింద ఏముందని ఇప్పటికీ అడుగుతుంటారు. ఏమీ లేదు. ఇందులో కవిత్వం లేదు. కంప్యూటర్లో బొమ్మను కింది నుంచి తిప్పి చూసి చెబుతున్నాను. మెడ దాకా నేతచీర కట్టిన ముసలావిడ ఉంది. మెడ పైన గొడుగు ఉంది. మధ్యలో తల లేదు. మూడో భాగంలో నీళ్ళలో మునిగి చచ్చిపోయే మనిషికి మొహం దేనికని మా అన్న వాయిదా వేశాడు, అంతే.

అన్న అంటే సొంత అన్న కాదు, ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బేకరీ పైన ఉన్న మా ఆఫీసుకి యజమాని. ఆయన బొమ్మలు గీస్తాడు, నేను కోడ్ రాస్తాను, మిగతా పనులు ఎవరివో ఇంకా తేలలేదు. మేం చేసింది ఫోన్లో ఆడుకునే ఆట. చెరువులో మునిగిన ఊరు ఒకటి ఎండాకాలం నీళ్ళు తగ్గి బయటపడుతుంది. ఒక పిల్ల ఆ ఊళ్ళో గుమ్మం గుమ్మం తిరిగి తనవాళ్ళ ఇల్లు వెతుక్కోవాలి. ఆ పిల్లే నాయిక. గొడుగామె ఆ పిల్ల వెనక నడిచే తోడు. మొదట్లో ఆమె మనిషి కూడా కాదు, దారి చూపే బోర్డు. బోర్డుని ఎవరూ చదవడం లేదని మాటలు పెట్టాం. బోర్డు మాట్లాడితే బాగోదని మనిషిని చేశాం. పెద్ద పెద్ద పాత్రలు ఇలాగే పుడతాయో లేదో నాకు తెలియదు. ఇది మాత్రం ఇలాగే పుట్టింది.

ఆటల పనిలో ఒక పద్ధతి ఉంది. అసలు ఆర్టిస్టు దొరికేలోపు ఎవరి గొంతుతోనో మాటలు రికార్డు చేసి తాత్కాలికంగా అతికిస్తాం. దాన్ని టెంప్ అంటాం. టెంప్ కోసం నేను సీతాఫల్‌మండిలో ఉండే మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవులు. అత్త ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో తెలుగు చెప్పింది. ఆమె హాజరు పిలిస్తే పక్క స్కూలు పిల్లలు కూడా పలికేవారని మామయ్య అంటాడు. చర్చిలో ఆమెకి మైకు ఇవ్వడం ఎప్పుడో మానేశారు, అవసరం లేక.

మధ్యగదిలో బీరువా తెరిచి, చీరల మధ్య తల పెట్టి మాట్లాడమన్నాను. అలా అయితే గోడల నుంచి శబ్దం తిరిగి రాదు.

"ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పాను గానీ, బీరువాకి పాఠం చెప్పడం ఇదే మొదలురా," అంది చీరల్లోంచి.

పదకొండు మాటలు రికార్డు చేశాం. "మెట్టు చూసుకో." "ఇక్కడెవరూ లేరమ్మా." "నీళ్ళు చల్లగా ఉన్నాయి." ఇలాంటివే. పిల్ల గుమ్మం దాటినప్పుడల్లా వెనక నుంచి వినిపించాల్సింది ఒకటి: "ఆగు, నేనూ వస్తున్నా." నీళ్ళ మాట వెనక సన్నగా రైలు కూత పడింది. టెంపే కదా అని వదిలేశాను. మునిగిన ఊళ్ళో దయ్యపు రైలు గురించి తర్వాత జనం ఎంత రాశారో చెప్పలేను. అది సీతాఫల్‌మండి మీదుగా పోయే లోకల్.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. బయటికి వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని తెలుగిళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పిలిస్తే వెనక్కి రావాలి, కూర్చోవాలి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా ఇళ్ళలో శకునాలు లేవు గానీ, ఈ ఒక్కటీ ఎలాగో ఉండిపోయింది. "ప్రార్థన చేసుకునేవాళ్ళం, మనకిదేంటత్తా?" అని ఒకసారి అడిగాను.

"శకునం కాదురా, దాహం. తాగి పో," అంది.

అలాంటి ఇంట్లో పెరిగి, ప్రతి గుమ్మం దగ్గరా వెనక నుంచి పిలిచే మనిషిని తయారుచేశాను. రాస్తున్నంతసేపూ నాకు తట్టనేలేదు.

తట్టించింది అన్న వాళ్ళమ్మ. ఆవిడది యాప్రాల్. మొదటిసారి ఆట ఆడమని ఫోన్ ఇచ్చి, మేమిద్దరం చెరోవైపు కూర్చుని చూస్తున్నాం. పిల్ల గుమ్మం దాటింది. "ఆగు, నేనూ వస్తున్నా." ఆవిడ పిల్లని వెనక్కి నడిపించి అరుగు పక్కన ఆపింది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఏమైందమ్మా? ముంగటికి పో," అన్నాడు అన్న.

"ఎనుకకెల్లి పిలిచింది గద బిడ్డా. పిలిస్తే అట్లనే పోతరా ఎవలన్న? జెర కూసోని పోవాలె."

"అమ్మా, గది ఆట."

"ఆటైతే ఏంది? పిల్లకు మంచిగుండొద్దా?"

మరుసటి వారం కోడ్ మార్చాను. పిల్ల వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంటే గొడుగామె కూడా పక్కన కూర్చుంటుంది. ఏమీ జరగదు. పాయింట్లు రావు. ఇద్దరూ నీళ్ళ వైపు చూస్తూ ఉంటారు, ఒకరికి తల లేకపోయినా. జనానికి ఆట మొత్తంలో నచ్చింది అదే. మూడో భాగంలో గొడుగామె చావు కూడా రద్దయింది. "గామెను సంపుతవా? అయితే అన్నం బయట తిను," అని వాళ్ళమ్మ అన్నకి చెప్పిందట.

ఇంకొకటి కూడా ఉంది. పిల్ల ఆగాక వెనక నుంచి ఒక అడుగు చప్పుడు ఎక్కువ వినిపిస్తుంది. చూస్తే గొడుగామె అప్పటికే ఆగి ఉంటుంది. భయమేసిందని చాలామంది రాశారు. అది నా లెక్కలో వచ్చిన పొరపాటు. సరిచేద్దామని మూడుసార్లు కూర్చున్నాను. మూడోసారి తర్వాత, అది ఉంటేనే బాగుందని మాకు మేమే చెప్పుకున్నాం.

అసలు ఆర్టిస్టు దొరక్క ఆట అత్త గొంతుతోనే బయటికొచ్చింది. వచ్చిన ఏడాదికి అత్తకి గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఆ హడావుడిలో ఆమె గొంతు ముందే రికార్డు చేసుకోవాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. పాత చర్చి క్యాసెట్లలో ఆమె ఉంది గానీ, నలభైమంది పాడేవాళ్ళ మధ్య ఉంది. విడిగా మిగిలినవి పదకొండు మాటలు, అవీ బీరువాకి చెప్పినవి.

రెండు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్ళాను. ఆమె మెడకి తెల్లగుడ్డ కట్టుకుని లోపల పడుకుని ఉంది. నేనూ మామయ్యా ముందుగదిలో వాతావరణం గురించి మాట్లాడుకుని, అది అయిపోయాక మళ్ళీ అదే మాట్లాడుకున్నాం. చివరికి హెల్మెట్ తీసుకుని లేచాను. ఒక కాలు గుమ్మం అవతల పెట్టాను.

"ఆగు, నేనూ వస్తున్నా."

మధ్యగదిలోంచి. అత్త గొంతు. పాత గొంతు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అందుకే అరవకుండా మామయ్య చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా గోళ్ళ గుర్తులు చూసుకుంటూ, "రోజూ ఇంతేరా," అన్నాడు.

కర్టెన్ వెనక అత్త నిలబడి ఉంది, చేతిలో ఫోన్. నవ్వుతోంది. భుజాలు కదులుతున్నాయి, నోరు తెరుచుకుంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. చప్పుడు మాత్రం లేదు. ఫోన్లో గొంతు విన్నప్పటికంటే ఆ నవ్వు చూసినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. స్కూలు నుంచి తెచ్చుకున్న పలక మీద రాసింది: "భయపడ్డావు."

"లేదత్తా, హెల్మెట్ బరువు."

ఆ ఇల్లు అలా నడుస్తోందని అప్పుడు తెలిసింది. మామయ్యని అన్నానికి పిలవాలంటే ఆమె ముందు ఫోన్ తెరిచి, మునిగిన ఊళ్ళో ఎవరిదో గుమ్మం దాకా పిల్లని నడిపించాలి. పిల్ల దాటాక గానీ పిలుపు రాదు. బాత్రూమ్ దగ్గర మామయ్య జారకుండా "మెట్టు చూసుకో" అనాలంటే చెరువు రేవు దాకా పోవాలి. ఈలోపు ఆయన స్నానం చేసి వచ్చేస్తాడు. ఇంత తంటా దేనికి, పదకొండు మాటలూ పదకొండు బటన్లుగా పెట్టిస్తానన్నాను. తల అడ్డంగా ఊపి రాసింది: "ఆ పిల్ల నాకోసం ఆగుతుంది. మీ మామయ్య ఆగడు."

"చూశావా, గొంతు పోయినా తిట్టడం పోలేదు," అన్నాడు మామయ్య సంతోషంగా.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా పలక మీద ఒకటే ప్రశ్న: "అరుగు మీద ఎవరైనా కూర్చున్నారా?" కూర్చున్నారత్తా, విజయవాడలో కూర్చున్నారు, నిజామాబాద్‌లో కూర్చున్నారు, ఎవరో దుబాయ్‌లో బస్సు కోసం నిలబడి కూర్చున్నారు అని చెప్పేవాణ్ణి. ఆమె పలక తుడిచేది.

అప్పుడు ఆఫీసులో కొత్త భాగం మొదలైంది. పిల్లకి చివరికి ఇల్లు దొరికే భాగం. గొడుగామెకి అసలు ఆర్టిస్టుని పెడదామన్నాడు అన్న. "టెంప్ అంటే టెంపే గదరా. నువ్వు పరేషాన్ గాకు, మంచి గొంతు తెస్తా." అప్డేట్ వస్తే అందరి ఫోన్లలోనూ మారిపోతుంది, అత్త ఫోన్లోనూ. నేను చెప్పలేక మామయ్యకి చెప్పాను. ఆయన దాచలేక ఆమెకి చెప్పాడు. నేను వెళ్ళేసరికి పలక సిద్ధంగా ఉంది.

"రెండోసారి తీసేస్తున్నారట."

మొదటిసారి మత్తిచ్చి తీశారు కదత్తా అని జోకు ఒకటి నోటి దాకా వచ్చింది. మింగేశాను. నేను మింగిన జోకు నాకు తెలిసి అదొక్కటే.

కొత్త గొంతు నిజంగానే బాగుంది. యాప్రాల్ తీసుకెళ్ళి అన్న వాళ్ళమ్మకి ఫోన్ ఇచ్చాం, మారిందని చెప్పకుండా. పిల్ల గుమ్మం దాటింది. "ఆగు, నేనూ వస్తున్నా," అంది తేనెలాంటి గొంతు. ఆవిడ ఆగలేదు. రెండో గుమ్మం, మూడో గుమ్మం. ఎక్కడా వెనక్కి రాలేదు.

"అమ్మా, పిలుస్తున్నది గద, ఎందుకు ఆగుతలేవు?"

"పిలిస్తే గద ఆగేది. గామె సదువుతున్నది."

అన్న బండి మీద ఆఫీసుకి తిరిగొచ్చాం. మెట్లెక్కుతూ అన్నాడు: "సరే, మీ అత్తనే ఉంచుదాం. కానీ ఆఖర్ల ఒక మాట కావాలె గదా. పిల్ల ఇంట్లకు పోతుంటే ఈమె ఏమన్నా అనాలె. పన్నెండో మాట ఏడికెల్లి తెస్తవ్?"

దానికీ దారుంది ఇప్పుడు. పదకొండు మాటలు వినిపిస్తే ఆ గొంతుతో ఏదైనా చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది. పెట్టాం. కాసేపటికి స్పీకర్లోంచి అత్త మాట్లాడింది: "ఇల్లు దొరికింది కదమ్మా, ఇక వెళ్ళు." ఆ ఊపిరి ఆమెదే, చివర్న విసుగు ఆమెదే. వెనక సన్నగా రైలు కూడా కూసింది. రైలు కావాలని మేమెవరం చెప్పలేదు. అన్న లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో రైలు లేదు.

"పదకొండిట్ల ఒకదాన్ల ఉంది గదా, గందుకే వచ్చింది," అన్నాడు తనకి తనే.

"అంతే అన్నా," అన్నాను. కారణం అదే. అయినా ఇద్దరం దాన్ని రెండోసారి వినలేదు.

అత్తకి వినిపించకుండా వాడటం దొంగతనం కదా. సీతాఫల్‌మండి తీసుకెళ్ళాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వింది. నచ్చిందేమో అనుకున్నాను. పలక తీసుకుని ఒక్క మాట రాసింది.

"నేననలేదు."

ఎవరో తన చీర కట్టుకుని వీధిలో పోతుంటే చూసినట్టు నావైపు చూసింది. ఆమె ముందే ఆ ఫైలు తుడిచేశాను. ఆఫీసులో ఉన్న కాపీ కూడా తీసేయమని అన్నకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. తర్వాత అడిగాను, "మరి చివర ఏం చేయమంటావత్తా? పన్నెండో మాట లేకుండా ఆ పిల్లని ఎలా పంపను?"

పలక శుభ్రంగా తుడిచింది. స్కూల్లో బోర్డు మీద రాసినట్టు, గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా రాసింది: "అన్నిసార్లూ పిలవకూడదు. ఆఖరిసారి వెళ్ళనివ్వాలి."

అలాగే చేశాం. పిల్ల తన గుమ్మం దాటుతుంది. వెనక నుంచి ఏమీ వినిపించదు. గొడుగు కొంచెం వణుకుతుంది, భుజాలు కదులుతాయి. ఆ కదలిక అన్న గీసింది కాదు; అత్త నవ్వు వీడియో తీసి, దాన్ని చూస్తూ నేను ఫ్రేము ఫ్రేము సరిపెట్టాను. ఏడుస్తోందని సగంమంది అంటారు. వాళ్ళతో నేను వాదించను. అప్డేట్ వచ్చిన రోజు అన్న వాళ్ళమ్మ ఆ గుమ్మంలో పిల్లని ఎంతసేపు నిలబెట్టిందో అన్న చెప్పాడు. పిలుపు రాదని తెలిశాక ఆవిడే వెనక్కి నడిపించి, గొడుగామె పక్కన కూర్చోబెట్టిందట.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక సీతాఫల్‌మండి వెళ్ళాను. అత్త చిక్కిపోయింది. ఫోన్ బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది, ఆమె దాని జోలికి పోలేదు. వస్తానని లేచాను. గుమ్మంలో చెప్పులేసుకున్నాను. ఒక కాలు బయట పెట్టి ఆగాను. ఇంట్లో చప్పుడు లేదు. రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగితే, నా అడుగు ఆగిన తర్వాత వెనక ఇంకొక అడుగు పడింది. తిరిగి చూస్తే మామయ్య, నేను మర్చిపోయిన హెల్మెట్‌తో.

హెల్మెట్ తీసుకున్నాను. వెళ్ళలేదు. లోపలికొచ్చి అత్త పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి పలక అందుకుంది.

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదత్తా," అన్నాను. "దాహం."

ఆమె లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.