వదినకు వినబడని కీచు

వీధిలో అందరూ ఆమెను లాండ్రీ వదిన అనేవారు. ఆసుపత్రి దుప్పట్లు తెచ్చి, ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి తిరిగి అప్పజెప్పడం ఆమె పని. ఇస్త్రీ భర్తది, బండి ఆమెది. స్టీరింగు పట్టుకుంటే భర్తకు చెమటలు పోసేవి. ఆమెకేమో ఆ పాత వ్యాను ఎక్కితే గానీ తెల్లారినట్టుండేది కాదు. పెళ్లయిన కొత్తలో కొన్న వాషింగ్ మెషీన్లు వెనక గదిలో పొద్దస్తమానం దడదడలాడేవి. ఆ హోరులోనే తినేది, కబుర్లు చెప్పేది, కునుకు తీసేది.

ఒక వానాకాలం, ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "మీ బండి కీచుమంటోంది వదినా. పొద్దున్నే పిల్లాడు ఉలిక్కిపడి లేస్తున్నాడు" అంది. వదిన నవ్వేసి ఊరుకుంది. మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు ఆమెను చూస్తూనే చెవులు మూసుకున్నాడు. అందరూ కూడబలుక్కుని ఆటపట్టిస్తున్నారనుకుంది. చివరికి భర్త కూడా అదే మాట అనేసరికి ఒళ్లు మండింది.

"నా బండి మీదే పడ్డారేంటి అందరూ? ఉంటే నాకు వినబడదా?"

భర్త ఇంజను స్టార్ట్ చేశాడు. "ఇదిగో, ఇప్పుడు! చెవులు చిల్లులు పడట్లా?"

ఆమెకు ఇంజను గురగుర మాత్రమే వినిపించింది. భర్త వైపు చూసింది. అతను నిజంగానే మొహం చిట్లించుకుని ఉన్నాడు. ఆమె లోపలికెళ్లి, మడత పెట్టిన దుప్పట్లనే విప్పి మళ్లీ మడతలు పెడుతూ కూర్చుంది.

మరిదికి మెకానిక్ షెడ్డుంది. అతను వచ్చి ఫ్యాను బెల్టు మార్చి వెళ్లాడు. రెండు రోజులకే కీచు మళ్లీ మొదలైందని వీధంతా చెప్పింది. మరిది విసుక్కుంటూ వచ్చాడు.

"బెల్టు కొత్తదే కదా వదినా! ఇంకేం చెయ్యమంటావ్, దాని నోరు కుట్టెయ్యనా? అసలు ఎటువైపు నుంచి వస్తోంది చప్పుడు?"

"నాకు వినబడదయ్యా" అంది వదిన. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "నిజంగానే వినబడదు. ఇంజను ఆపు, చేత్తో చూస్తాను."

మరిది తాళం తిప్పి పక్కకు జరిగాడు.

దుప్పటి అంచు ఎక్కడ పీలికలయిందో చూడకుండానే చెప్పగల వేళ్లు ఆమెవి. బెల్టును ఒకసారి తడిమింది. లోపలి అంచు నున్నగా ఉంది, బయటి అంచు అప్పుడే పోగులు లేచింది.

"ఇది వంకరగా నడుస్తోంది, చూడు."

మరిది లాండ్రీలోని చెక్క స్కేలు తెచ్చి బెల్టు తిరిగే చక్రాల పక్కన ఆనించాడు. రెండు చక్రాలకు తగిలింది, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చక్రం దగ్గర సందు మిగిలింది. ఆల్టర్నేటర్‌ను పట్టుకుని ఊపితే వదులైన పన్నులా కదిలింది. అది కూర్చునే చోట కదలకుండా పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది.

"బెల్టు పట్టుకునే వేలాడాను గానీ దీని జోలికే పోలేదు, ఛ!" అని మరిది నెత్తి కొట్టుకున్నాడు. షెడ్డు నుంచి కొత్త బుష్ తెచ్చి బిగించాడు. చక్రాలన్నీ ఒక వరసలోకి వచ్చాక, బొటనవేలితో నొక్కి చూసి బెల్టు బిగువు సరిచేశాడు. ఇంజను స్టార్టయింది.

"పోయిందా?" అని అడిగింది వదిన.

"పోయింది!" అని గుమ్మంలోంచి అరిచాడు భర్త.

"అరవకు. అంత చెవుడేం కాదు" అని నవ్వబోయి, కొంగుతో కళ్లు అద్దుకుంది.

ఆ వారమే, దుప్పట్లు దింపే ఆసుపత్రిలోనే చెవుల డాక్టరుకు చూపించుకుంది. ఏళ్ల తరబడి హోరులో ఉండి సన్నని శబ్దాలు వినే శక్తి పోయిందని, అది తిరిగి రాదని, చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటే మేలని ఆయన చెప్పాడు. పెట్టుకున్న మొదటి రోజే భర్త టీ జుర్రుకునే చప్పుడు విని, "ఇన్నాళ్లూ ఇలాగే తాగుతున్నావా?" అని విస్తుపోయింది.

తర్వాత అతన్నీ లాక్కెళ్లి పరీక్ష చేయించింది. అతని చెవులు కూడా మందగించడం మొదలైందట. ఇప్పుడు హోరును ఆపే చెవి కప్పులు పెట్టుకోకుండా వెనక గదిలోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వదు.