మంగమ్మ నూనె కొట్టు బోర్డులో ఎక్కడో తేడా ఉంది

గుంటూరు దగ్గర ఒక కాలేజీలో డిజైన్ మొదటి ఏడాది పిల్లలకు పాఠాలు చెప్తాను. గీత, ఆకారం, రంగు, ఖాళీ జాగా, ఇవన్నీ ఒక చోట చేరినప్పుడు కుదరాల్సిన తూకం, కంటికి ముందు ఏది కనబడాలి, తర్వాత ఏది కనబడాలి అన్న వరస: మొదటి ఆరు నెలలూ ఇదే పని. బొమ్మలు విదేశీ పుస్తకాల్లోంచి తెచ్చుకోవడం నచ్చక, మన గోడల మీదవీ మన కొట్ల మీదవీ పోగుచేస్తుంటాను. ఆ సంగతి ఎవరో చెప్పగా కోయంబత్తూరు నుంచి రంగసామిగారు ఫోన్ చేశారు. మోటారు పంపుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి తెలుగువాళ్ళు ఒక సంచిక వేస్తున్నారట. మదురై దాటాక ఉన్న తమ ఊళ్ళో వాళ్ళ అమ్మ మంగమ్మ నడిపిన నూనె కొట్టుకు పాతకాలం బోర్డు ఉందనీ, దాని అందం గురించి రెండు పేజీలు రాయమనీ అడిగి, ఫొటో పంపారు.

ఫొటో చూడగానే ప్రాణం లేచొచ్చింది. నీలం పలక, పసుపు అక్షరాలు. నడిమధ్యన ఎర్ర ముక్కుతో చిలకల జంట. ఎడమవైపు తమిళం, కుడివైపు తెలుగు. తూకం గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదు అనుకుని పెద్దది చేసి చూశాను. అక్కడ చిక్కుకుపోయాను. తెలుగు వైపు ‘మంగమ్‌మ’ అని ఉంది. మ కింద ఒత్తు లేదు. పొల్లు పెట్టిన మ, దాని పక్కన ఇంకో మ. కుంచె పట్టిన ఏ మనిషీ అలా రాయడు. తెలుగు తెలియని కంప్యూటర్ మాత్రమే అలా విరగ్గొడుతుంది. మన ఊళ్ళలో ఫ్లెక్సీల మీద రోజూ చూస్తున్నదే. మరి ఇది పాత బోర్డు ఎలా అవుతుంది? రంగసామిగారిని అడిగితే, “అది మా అమ్మ కాలందేమ్మా, ఎవురూ చెయ్యి పెట్టలేదు” అన్నారు. నా పేరు పెట్టి రాయాల్సిన వ్యాసం. కొత్తదాన్ని పాతదని రాస్తే నా పాఠాలు ఎవరు నమ్ముతారు? వెళ్ళి కళ్ళారా చూద్దామని బయల్దేరాను.

విజయవాడ నుంచి కోయంబత్తూరుకు రైలు ఉంది; స్లీపర్ అయితే ఐదారు వందల్లో పనైపోతుంది. దిగిన సాయంత్రం రంగసామిగారింటికి వెళ్ళాను. కాఫీ, మురుకులు, కుటుంబం కబుర్లు, అన్నీ అయ్యాయి. బోర్డు మాట ఎత్తగానే ఆయన గొంతు తగ్గింది.

“ఫొటో ఉండాదే, చాలదా? అంత దూరం ఏంటికి? వెయిలు జాస్తి,” అన్నారు.

“ఎండ నాకు అలవాటేనండీ. మీరూ రాకూడదూ?”

“నాకు మోకాలి నొప్పి,” అని లేచి, ఏ నొప్పీ లేని మనిషిలా చకచకా లోపలికి నడిచారు. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల ఫోన్లో ఎవరితోనో లోగొంతుతో గబగబా మాట్లాడటం వినిపించింది. ‘టీచర్’, ‘రేపు’ అన్న రెండు మాటలే నాకు వినబడ్డాయి. లాడ్జిలో నిద్రపట్టేదాకా అదే ఆలోచన. ఎవరికి చెప్పారు? ఏం సర్దమని చెప్పారు?

పొద్దున ఆరింటికి సింగానల్లూరు బస్టాండులో మదురై బస్సెక్కాను. టికెట్టు రెండొందల చిల్లర, ప్రయాణం ఐదు గంటల పైనే. పల్లడం దాటాక రెండు వైపులా గాలిమరలు. ధారాపురంలో ఇడ్లీ తినేంత సేపు ఆపారు. ఒట్టన్‌చత్రంలో కూరగాయల లారీలు దారికి అడ్డం పడి బస్సు చాలాసేపు కదల్లేదు. కిటికీలోంచి మునక్కాయల కట్టలూ ఉల్లిపాయల బస్తాలూ చూస్తూ కూర్చున్నాను. ఎడమవైపు సీట్లు తీసుకోకండి, మధ్యాహ్నం దాకా ఎండ అటే. మదురై ఆరప్పాళయంలో దిగి భోంచేసి, తిరుమంగలం బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. రెండొందలన్నాడు, ఎక్కువో తక్కువో తెలియక ఒప్పుకున్నాను.

ఆటో అతను నా ఫోన్ సంభాషణ విని తెలుగులోకి మారాడు. “అమ్మా, మీరు పాత సామాను ఎత్తుకుపొయ్యే పార్టీయా?”

“కాదు. ఎందుకలా అడిగారు?”

“పోయిన కొడై సెలవుల్లో, అదే ఎండాకాలంలో, కారులో వచ్చినారు. ఫొటో తీస్తాం అన్నారు. రెండు ఇండ్ల వాకిలి తలుపులు, పూజ పీట, అన్నీ మాయం. అప్పట్నించి కొత్త మొహం చూస్తే మా ఊరోళ్ళకు సందేహం.” అద్దంలోంచి నన్నూ నా కెమెరా సంచినీ మార్చి మార్చి చూశాడు. నేను మోసగాళ్ళను వెతుక్కుంటూ వస్తే, ఇక్కడ మోసగత్తెను నేనే.

నల్లరేగడి చేల మధ్య ఊరు. కొట్టు వెతుక్కోనక్కర్లేదు, నువ్వుల నూనె వాసన దారి చూపించింది. కొట్లో యాభై దాటిన ఆవిడ డబ్బాలు తుడుస్తోంది. ఆమె అలమేలు, మంగమ్మగారి పెద్ద కోడలు, రంగసామిగారికి వదిన. భర్త పోయాక కొట్టు తనే చూసుకుంటోంది. పలకరించాను. కూర్చోమనలేదు.

“పలగ చూడను వస్తిరా?” బోర్డును అక్కడ పలగ అంటారు. “అది లేదు. అమ్మేస్తిమి.”

“ఎప్పుడక్కా?”

“ఎప్పుడో.”

తలెత్తి చూశాను. వాకిలి పైన గోడంతా వెలిసిపోయి ఉంది. మధ్యలో నిలువూ వెడల్పూ సరిగ్గా బోర్డంత దీర్ఘచతురస్రం మాత్రం తెల్లగా, నిన్న సున్నం వేసినట్టుంది. దాని అంచుల్లో మేకుల గుంటలు. నేను అటు చూడటం ఆమె చూసింది.

“నిన్ను ఎవురు పంపినారు? నిజం చెప్పు,” అంది.

“రంగసామిగారు ఫొటో పంపారు. నేను ఎవరికీ ఏమీ అమ్మను. కాలేజీలో టీచర్ని,” అని ఫోన్ తీసి ఫొటో చూపించి, కుడివైపు వేలు పెట్టి, మామూలుగా చదివాను: “మంగమ్మ మంచినూనె కడ.” కడ అంటే అక్కడ కొట్టే.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. “ఇంగొక తూరి చదువు.”

చదివాను. 

“అంతే రాసుండాదా? వేరే ఏమీ లేదా?”

“అంతే.”

“చెడ్డ మాట ఏదీ లేదా? నా మీద ఒట్టు?”

అప్పుడు స్టూలు జరిపి కూర్చోమంది. ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదివింది మాత్రం తమిళం. తెలుగు చదవగలిగిన మంగమ్మగారు పోయి చాలా కాలమైంది. ఆ మధ్య ఆంధ్రా లారీ డ్రైవరొకతను నూనె కొనడానికి ఆగి, బోర్డు చూసి నవ్వాడట. ఏమిటని అడిగితే, “ఏం లేదమ్మా, రాసినోడెవడో గానీ” అని చెప్పకుండా వెళ్ళిపోయాడట. 

“ఊర్లో అందరూ చూసే పలగ. మా అత్త పేరు మీద ఎవుడు ఏమి రాసి పెట్టినాడో అని నాకు అన్నం దిగలేదు. దించి లోపల పెడితిని. నిన్న రంగసామి ఫోన్ చేసి, టీచర్ వస్తుంది, పాతదని చెప్పు, వేరే ఏమీ మాట్లాడద్దు అన్నాడు. ఎందుకు మాట్లాడద్దు? అంటే అందులో ఏమో ఉండాది అనే కదా?”

ఆమె అక్కడే మరిదికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. “రంగసామీ, తెలుగు పక్క ఎవురు రాసినారు?” 

“నేనే వదినా. వానకు అమ్మ రాయించిన తెలుగు పక్క ఎళుత్తు, ఆ అక్షరాలంతా పొరలు లేచిపోయిందే. పలగ తెచ్చి బాగుచేయిస్తా అన్నానే. ఇక్కడ కంప్యూటర్‌లో కొట్టించి, అట్టలో అచ్చు కోసి రంగు వేయించినాను. సరిగా ఉండాదా లేదా అని నాకూ తెలీదు. టీచర్ చూసి తప్పుంటే తనే చెప్తుంది అనుకుంటిని. నేరుగా అడగను సిగ్గు.”

“నాకు చెప్పుంటే ఇన్ని దినాలు నిన్ను తిట్టుకోకుండా ఉంటిని కదరా!” అని ఆమె ఫోన్ పెట్టేసింది. నా మీద మిగిలిన కోపమంతా ఆయన మీదికి పోవడం నాకు కొంచెం ఊరటే.

నువ్వుల బస్తాల వెనక నుంచి ఇద్దరం బోర్డు లాగాం. దగ్గర నుంచి చూస్తే తేడా దాగలేదు. తమిళ అక్షరాల్లో గీత ఒకచోట లావెక్కి ఇంకోచోట సన్నబడుతుంది. చివరికొచ్చేసరికి జాగా చాలక ఇరుక్కున్నాయి. ప్రతి అక్షరానికీ ఎర్ర నీడ. తెలుగు వైపు అన్నీ ఒకే లావు, ఒకే ఎడం, నీడ లేదు. అచ్చు కోసినప్పుడు సున్నాల మధ్య ముక్క ఊడిపోయి చుక్కలయ్యాయి. రెండు సగాలూ ఒకే కొలతలో ఉన్నా, బరువంతా ఎడమకే. ఆమెకు ఇదంతా చెప్పి, చివరికి ‘మ్‌మ’ చూపించాను.

“ఇది తప్పక్కా. రెండో మ మొదటిదాని కింద ఒదిగి ఉండాలి.”

“అంతేనా? కింద కూర్చోవలసింది పక్కన నిలబడుండాది. దీనికా వాడు నవ్వింది?”

“దీనికే.”

ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. దిద్దమని అడిగింది. నేను న్యూస్ పేపర్ మీద ‘మ్మ’ పెద్దగా రాసిచ్చాను. ట్రాక్టరు తొట్టికి వేయగా మిగిలిన నీలం, పసుపు పెయింట్లు తెచ్చింది. తప్పు అక్షరాల మీద నీలం పూసి, ఎండలో పెట్టి, పైపైన ఆరేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత కుంచె నాకు ఇవ్వబోయి, మళ్ళీ తనే ఉంచుకుంది. “మా అత్త పేరు. నేనే రాస్తాను.” ఒత్తు కావలసిన దానికన్నా పెద్దదై వరస దాటి కిందికి జారింది. క్లాసులో అయితే మార్కులు తగ్గించేదాన్ని. కానీ దూరం జరిగి చూస్తే, ఆ సగంలో కన్ను ఆగేది అక్కడే. ఆమె తడి తగలకుండా వేలు గాల్లో కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, “మం... గ... మ్మ” అని చదివింది.

ఆరింటి లోపే తిరుమంగలం చేరాను. దారిలో రంగసామిగారికి ఫోన్ చేసి, వ్యాసం రాస్తాను గానీ ఏ సగం పాతది, ఏ సగం కొత్తది అన్నది స్పష్టంగా రాస్తానని చెప్పాను. “అది రాయాల్నా?” అన్నారు. రాయాల్సిందే అన్నాను. “అట్లయితే కంప్యూటర్‌లో కొట్టించింది నేనని నా పేరు కూడా రాయి. లేకుంటే ఇంగెవురినో సందేహిస్తారు,” అన్నారు.

అబద్ధాన్ని పట్టుకుందామని బయల్దేరిన నాకు దొరికింది భయం. చదవలేని తమ అక్షరాల గురించి ఆ ఇద్దరిలో ఎవరి భయం వాళ్ళకుంది. ఒకరు దాన్ని అబద్ధంతో కప్పారు, ఒకరు నువ్వుల బస్తాలతో. విరిగిన ‘మ్‌మ’ చూసి తెలుగు సగం వయసు నేను సరిగ్గానే పసిగట్టాను. అది పెట్టినవాళ్ళ మనసు మాత్రం ఆ ఫొటోలో ఎక్కడా కనబడలేదు. ఇలాంటి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: కెమెరా సంచి విప్పకముందే, అక్కడ తెలుగులో ఏదైనా రాసుంటే దాన్ని గట్టిగా పైకి చదవండి. ఆ ఇంట్లో ఎవరో అది వినాలని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తూ ఉండొచ్చు.