నిమ్మకాయల మీదికి దిగిన కారు

మెల్‌బోర్న్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, అబద్ధమాడటానికి నోరు విప్పక్కర్లేదని, ఒక్క ఫొటో పంపితే చాలని నాకు తెలియదు. యూనివర్సిటీలో మాస్టర్స్ అయ్యాక నాకు దొరికిన మొదటి పని, పాడైన కార్లను విడగొట్టి ముక్కలు అమ్మే యార్డులో. ఇంట్లో మాత్రం ఆటోమొబైల్ రంగం అని చెప్పాను (రంగమే కదా, కాకపోతే దాని పెరటి గుమ్మం). ఏ అద్దం ఏ కారుదో చీటీ రాసి అంటించడం నా బాధ్యత.

అలాంటి చోటికి ఒక సోమవారం అమెరికా కారొకటి వచ్చింది. పేరు చెప్పను. తయారుచేయడం ఎప్పుడో మానేశారు, మిగిలిన పరువైనా ఉండనిద్దాం. రెండే తలుపులు, మా అద్దె వంటగది కంటే పొడుగైన బానెట్, వక్కపొడి రంగు తోలు సీట్లు, ఎడమవైపు స్టీరింగు. ఇంజను మాత్రం లేదు. మా దగ్గరికి రాకముందే ఎవరో ఊడదీసుకుపోయారు. ఇక ఎన్నటికీ రోడ్డెక్కకూడదని అద్దానికి కాగితం కూడా అంటించి ఉంది. అయినా నా మనసు దాని మీద పడింది. మధ్యాహ్నం డబ్బా తీసుకుని అందులోనే కూర్చుని గోంగూర పచ్చడన్నం తినేవాణ్ణి. సీటు మీద మెతుకు పడితే చొక్కాతో తుడిచేవాణ్ణి. ఒకరోజు స్టీరింగు పట్టుకుని ఫొటో దిగి, ‘ఎలా ఉంది?’ అని అమ్మకి పంపాను. నాది అని అనలేదు సుమండీ. అమ్మ మాత్రం ‘వాహనపూజ చేయించావా నాన్నా?’ అని అడిగింది. కాదమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ‘చేయిస్తా’ అని కొట్టాను. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

వారం తిరిగేసరికి ఆ ఫొటో చుట్టాల ఫోన్లన్నీ తిరిగి, కాన్‌బెర్రా హారిసన్‌లో ఉంటున్న ఒక అమ్మాయి వాళ్ళకి సంబంధంతో పాటు చేరింది. ఆ అమ్మాయితో ఫోన్లో రెండుసార్లు మాట్లాడాను. ఆమె నవ్వు విన్నాక ఈ సంబంధం తప్పిపోతే ఏమైపోతానో అని నాకు నిద్రపట్టడం మానేసింది. ఇంతలో అమ్మ హుకుం వచ్చింది: అమ్మాయీ వాళ్ళ బాబాయీ శనివారం మీ ఊరి కేరమ్ డౌన్స్ గుడికి వస్తున్నారు, ఆ పూజేదో వాళ్ళ ముందే కానివ్వు, నేను వీడియోలో చూస్తాను అని. కారు గుడికి వెళ్ళలేదు కాబట్టి పూజే కారు దగ్గరికి రావాలి. బ్యాటరీ పోయిందని చెప్పి వాళ్ళిద్దరినీ యార్డుకే రమ్మన్నాను, తెలిసిన పంతులుగారిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. మా బాసు, అరవై దాటిన గ్రీకు పెద్దాయన, సంగతంతా విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, శనివారం ఆర్వో, అంటే మధ్యాహ్నం, యార్డంతా నీదే పొమ్మన్నాడు. నా మీద జాలి కంటే తమాషా చూడాలన్న ఆశే ఆయనకి ఎక్కువ.

పూజ బాగానే సాగింది. చామంతి దండ వేశాం, పసుపు పూశాం, కొబ్బరికాయ కొట్టాం. పంతులుగారు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఇక కొంచెం ముందుకి పోనివ్వండి అన్నారు. నాకు చెమటలు పట్టాయి. బాసు మాత్రం తడుముకోకుండా ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చి కారుని అమాంతం పైకెత్తి, కాయల్ని సరిగ్గా కిందికి జరపమని సైగచేసి, మెల్లగా దించాడు. రసం చిమ్మి పంతులుగారి పంచె మీద పడింది. బాబాయిగారు చప్పట్లు కొట్టారు. నా చేతిలోని ఫోన్లో అమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది.

అక్కడితో ఆగితే గట్టెక్కేవాణ్ణి. ఇంజనుకి బొట్టు పెట్టడం మరిచానని పంతులుగారికి అప్పుడు గుర్తొచ్చింది. బానెట్ పట్టేసిందండీ అని నేను గొణుగుతుండగానే, పక్కనే ఉన్న అమ్మాయి కొక్కెం వెతికి ఎత్తేసింది. లోపల నేల కనిపించింది, కాస్త గడ్డి కూడా. కుంకుమ అద్దిన పంతులుగారి వేలు గాల్లోనే ఆగిపోయింది. నేను ఫోన్ని పైకి తిప్పేశాను.

“ఏంట్రా, ఆకాశం చూపిస్తున్నావు?” అంది అమ్మ.

అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: “ఆంటీకి మీరు చెప్తారా, నేను చెప్పనా? ఐ డోంట్ మైండ్.”

నేనే చెప్పాను. ఇంజను లేదని, కారు నాది కాదని, నేను చెప్పిన రంగం ఇదేనని. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను.

“నిమ్మకాయలు బాగా నలిగాయా?” అంది అమ్మ.

“నలిగాయమ్మా.”

“అయితే దిష్టి పోయినట్టే. ముందు ఆ పిల్లకి మంచినీళ్ళియ్యి.”

బాబాయిగారు మొహం ముడుచుకునే వెళ్ళారు. అమ్మాయి మాత్రం ఆ మంచినీళ్ళు తాగి వెళ్ళింది. అమ్మకి నిజం చెబుతున్నప్పుడు నా మొహం చూసే పెళ్ళికి ఒప్పుకున్నానని తర్వాతెప్పుడో చెప్పింది. ఆ కారుని నుజ్జుచేసే రోజున నేను సెలవు పెట్టాను, చూడలేక.

ఇప్పుడు మేం కాన్‌బెర్రాలోనే, గంగాలిన్‌లో ఉంటున్నాం. పోయిన నెల ఇంకో కారు కొన్నాం, నాలుగు తలుపులది, బూడిద రంగుది, ఎవరూ తిరిగి చూడనిది. పూజ రోజున పంతులుగారు నిమ్మకాయలు బయటికి తీయకముందే మా ఆవిడ వెళ్ళి బానెట్ ఎత్తి, తొంగిచూసి, “ఇంజనుంది, కానివ్వండి” అంది. ప్రతిసారీ ఇదే వరస. మా పాప “వై డజ్ అమ్మ ఆల్వేస్ చెక్?” అని నన్నడిగింది. వక్కపొడి రంగు సీట్లో ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే ముందు చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఆ తర్వాత వాడి డబ్బాలో ఇంకాస్త గోంగూర వెయ్యాలనిపిస్తుంది.